తూరిద్‌ని నా దగ్గరికి పంపండి

వేగా ద్వీపం
1961 సెప్టెంబర్ 10

శ్రీమతి బోర్గిల్డ్ గారికి,

యెన్సీనె రాస్తున్నది. మనం కలుసుకున్నది ఒక్కసారే, మొన్న వసంతంలో, మీ పెళ్ళినాడు చర్చి వాకిట్లో. ఆ గాలి హోరులో మీరేమన్నారో నాకు వినపడలేదు. నేనేమన్నానో మీకూ వినపడి ఉండదు. అందుకే ఇప్పుడు కాగితం మీద విడమర్చి రాస్తున్నాను.

నా కూతురు ఓలౌగ్ పోయి రెండేళ్ళు కావస్తోంది. అల్లుడు ఓడ్వార్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నందుకు నాకేమీ బాధ లేదు. చమురు ఓడ మీద నెలల తరబడి తిరిగేవాడికి ఇంటిపట్టున ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు మీరయ్యారు. మంచిదే. కానీ తూరిద్ నా కూతురి కూతురు. దాని సంగతి అడిగే హక్కు నాకుంది.

మీ కింది వాటాలో ఉండే మార్టా మా ద్వీపం మనిషేనని మీకు తెలుసో తెలియదో. ఆవిడ రాసింది: పిల్ల ప్రతి మధ్యాహ్నం బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటుందట. ఇంట్లోకి పోదట. సాయంత్రం చీకటి పడేదాకా అక్కడేనట. ఎందుకు? లోపలికి రానివ్వరా?

ఇంకొకటి. వేసవి సెలవలకు తూరిద్ నా దగ్గరే ఉంది కదా, వెళ్ళేటప్పుడు ఒక స్వెటరు అల్లి ఇచ్చాను. అది తొడుక్కుని ఫొటో దిగి పంపమన్నాను. ఫొటో లేదు, స్వెటరు ఊసూ లేదు.

ఎనిమిదేళ్ళ పిల్ల. తల్లి లేదు, తండ్రి సముద్రం మీద. చలికాలం తుపానులు మొదలయ్యేలోగా దాన్ని ఉత్తరం వైపు వచ్చే ఓడ ఎక్కించి నా దగ్గరికి పంపండి. మీకూ భారం తగ్గుతుంది.

యెన్సీనె


ఓలెసుండ్
1961 సెప్టెంబర్ 19

యెన్సీనె అమ్మగారికి నమస్కరించి,

మీ ఉత్తరం చూశాక రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది మూడోది. బేకరీలో తెల్లవారుజాము పని కదా, చేతులకు పిండి వాసన పోదు. కాగితానికి కూడా అంటితే క్షమించండి.

మా తలుపుకు పగలు గడియ ఉండదు. తూరిద్‌కి మెట్ల మీద కూర్చోవడం ఇష్టం, అంతే. స్వెటరు చాలా బాగుంది. కాస్త బిగుతైంది. అందుకే ఫొటో తీయించలేదు.

తూరిద్ బాగానే ఉంది. బడిలో లెక్కలు బాగా చేస్తోందని టీచరు చెప్పింది. చేపల ముద్దలు ఇష్టంగా తింటోంది. ముందు పళ్ళు రెండూ ఊడి కొత్తవి వస్తున్నాయి.

పంపించమన్నారు. వెళ్ళేటప్పుడు ఓడ్వార్ నాకు ఒకే మాట చెప్పాడు, "నేనొచ్చేసరికి అది ఇక్కడే ఉండాలి, బోర్గిల్డ్" అని. వసంతంలో వస్తాడు. అందాకా ఓపిక పట్టండి.

అన్నట్టు, మీరు బాతుల కోసం ఒడ్డున రాళ్ళతో చిన్న చిన్న గూళ్ళు కడతారనీ, లోపల ఎండుగడ్డి పరిచి అవి రావడం కోసం ఎదురు చూస్తారనీ తూరిద్ చెప్పింది. తను నాతో మాట్లాడిన మాటల్లో అదే అన్నిటికన్నా పొడుగైంది. వినడానికి చాలా బాగుంది.

మీ
బోర్గిల్డ్


వేగా
1961 అక్టోబర్ 1

బోర్గిల్డ్ గారికి,

బిగుతైందా! ఆగస్టులో పిల్లని ఎదురుగా నిలబెట్టి భుజాలూ చేతులూ కొలిచి అల్లాను. పెరుగుతుందని రెండు వేళ్ళ వదులు కూడా వదిలాను. నెలలో బిగుతైందంటే పిల్లని ఎరువు వేసి పెంచుతున్నారా? నలభై ఏళ్ళుగా అల్లుతున్న చేతులివి. అబద్ధమాడేముందు ఎవరితో ఆడుతున్నారో చూసుకోండి.

మెట్ల మీద కూర్చోవడం ఇష్టమట! చలికాలపు గాలి కింద నుంచి కొడుతుంటే రాతి మెట్టు మీద కూర్చోవడం ఏ పిల్లకి ఇష్టం?

మార్టా మళ్ళీ రాసింది. రోజూ పొద్దున్నే మీరు పక్క దుప్పట్లు ఉతికి మెట్ల దారిలో తాడు కట్టి ఆరేస్తున్నారట. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వాటి కిందనుంచి తల వంచుకుని వెళ్తున్నారట. "పాపం, పిల్ల పక్క తడుపుతున్నట్టుంది, ఆవిడ ఊరందరికీ చాటుతోంది" అని రాసింది మార్టా. ఎదిగే పిల్లని ఇలా సిగ్గుతో చంపుతారా? నా దగ్గరున్న వేసవి అంతా అది ఒక్కసారి కూడా పక్క తడపలేదు. పెట్టిందల్లా తింది. పిలిస్తే పలికింది. మీ ఇంట్లోనే దానికి ఏదో జరుగుతోంది.

మీరు పంపకపోతే నేనే వస్తాను. అవసరమైతే మీ ఊరి బాలసంరక్షణ సంఘానికి కూడా రాస్తాను. నాకు రాయడం వచ్చునని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

యెన్సీనె


ఓలెసుండ్
1961 అక్టోబర్ 12

యెన్సీనె అమ్మగారికి,

పిల్ల మీద చాడీలు చెప్పడం నాకిష్టం లేదు. అందుకే మొదటి ఉత్తరంలో అన్నీ దాచి అబద్ధం రాశాను. మీరు సంఘం మాట ఎత్తాక ఇంక దాచలేను.

స్వెటరు బిగుతు కాలేదు. తూరిద్ దాన్ని విప్పేసింది. మంచం కింద కూర్చుని, ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి, మొత్తం. నేను చూసేసరికి వంకర్లు తిరిగిన ఊలు కుప్ప మధ్య ఉంది. ఆ ఊలు ఓలౌగ్ పాత స్వెటరు విప్పి తీసిందని వేసవిలో మీరే చెప్పారట కదా. "మళ్ళీ అమ్మది అమ్మకి చేస్తున్నా" అంది. ఆవిరి పట్టి, సాపు చేసి, ఉండలు చుట్టి తన పెట్టెలో పెట్టాను. దీని గురించి తనని అడగకండి, మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మెట్ల సంగతి. ఓలౌగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేళకి తూరిద్ అక్కడ కూర్చునేదట. ఇప్పుడూ కూర్చుంటుంది. మొదట్లో "లోపలికి రామ్మా" అని పిలిచాను. చెవులు మూసుకుంది. బతిమాలాను. గోడవైపు తిరిగింది. ఇప్పుడు పిలవడం మానేశాను. బంగాళాదుంపల గిన్నె, కత్తి తీసుకుని వెళ్ళి నేనూ కింది మెట్టు మీద కూర్చుంటాను. చెక్కు తీస్తూ ఉంటాను. అవి అయ్యాక ఇద్దరం లోపలికొస్తాం. మార్టా తలుపు సందులోంచి పిల్లని చూసింది కానీ గోడ చాటున ఉన్న నన్ను చూడలేదు కాబోలు.

దుప్పట్లు. అన్ని వాటాలకీ ఉమ్మడిగా ఉన్న అటక మీద ఆరేసుకోవడానికి మా వంతు పదిహేను రోజులకొకసారి వస్తుంది. రోజూ ఉతకాల్సినవి మెట్ల దారిలోనే ఆరాలి. ఎవరి దుప్పటో తెలియకూడదని రోజూ నాది కూడా తడిపి పక్కనే ఆరేస్తున్నాను. నిన్న కింద ఎవరో అడిగితే "నాకే మూత్రపిండాల జబ్బు" అని చెప్పాను.

నేను ఓర్పుకి పుట్టిల్లుని అనుకోకండి. నా కాఫీలో ఉప్పు పోసినప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తున్న ఆ మొహం మీద కప్పు విసిరేద్దామనిపించింది. తాగేశాను. మర్నాడూ పోసింది. "ఇవాళ కాస్త తక్కువ పడింది" అన్నాను. తర్వాత పోయలేదు. కానీ ఆ రెండు కప్పులూ తాగాక స్నానాలగదిలో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఎంత అరిచానో నాకే తెలుసు.

మీ దగ్గర ఇవేవీ చేయలేదన్నారు. నిజమే అయి ఉంటుంది. మీరు ఎక్కడికీ పోరని తనకి తెలుసు. నేను ఉంటానో పోతానో ఇంకా తేల్చుకోలేదు.

బోర్గిల్డ్


వేగా
1961 అక్టోబర్ 24

బోర్గిల్డ్ గారికి,

మీ ఉత్తరం పడవ ఆలస్యం వల్ల నిన్ననే చేరింది. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్ళు మండింది.

ఎనిమిదేళ్ళ పిల్ల మీద ఎన్ని నేరాలు! విప్పేసింది, తడిపేసింది, ఉప్పు పోసింది. మీరేమో దుప్పట్లు చుట్టుకున్న దేవత. మొదటి ఉత్తరంలో అబద్ధం రాశానని మీరే ఒప్పుకున్నారు. రెండోది నిజమని నేనెలా నమ్మేది?

ఆ ఊలు మాట మాత్రం నన్ను గుచ్చింది. అవును, నేనే చెప్పాను. పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. ఆ మాట నాకు గుచ్చుకుంటుందని తెలిసే రాశారా? తెలిసే రాసుంటే మీరు సామాన్యులు కారు.

ఓలౌగ్ చిన్నప్పుడు మహా నెమ్మది. దాని కూతురు మొండిదెలా అవుతుంది? పిల్లలు చూసేవాళ్ళని బట్టి ఉంటారు.

నవంబర్ మూడోవారం ఓడలో వస్తున్నాను. తిరుగు ప్రయాణానికి ఇద్దరికి చోటు చెప్పి ఉంచాను. తూరిద్ బట్టలు సర్దండి. ఓడ్వార్‌కి నేను జవాబు చెప్పుకుంటాను.

యెన్సీనె


ఓలెసుండ్
1961 నవంబర్ 6

యెన్సీనె అమ్మగారికి,

మార్టా ఈపాటికి రాసే ఉంటుంది. అయినా ఇది నా నోటితోనే మీకు చెప్పాలి.

గురువారం నాడు బేకరీలో ట్రేలు మోసి మోసి నడుం పట్టేసింది. ఇంటికొచ్చేసరికి తూరిద్ వంటింట్లో పిండి డబ్బా బోర్లించి, అందులో నీళ్ళు పోసి, నేలంతా ముద్ద చేసి పెట్టింది. ఆదివారానికని దాచిన పిండి. "ఎందుకు చేశావు?" అన్నాను. "ఊరికే" అంది. "తుడువు" అన్నాను. "నువ్వు మా అమ్మవి కాదు" అంది. అది రోజూ వినే మాటే. ఆ రోజు మాత్రం నా నోరు నా చేతిలో లేదు. "కాను! అయితే మీ అమ్మమ్మ దగ్గరికే పో!" అని అరిచి, గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకున్నాను.

బయటికొచ్చేసరికి పిల్ల లేదు. మెట్ల మీద లేదు. బడి సంచీ లేదు, ఊలు పెట్టె లేదు. వాన. నేను ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రేవుకి పరిగెత్తాను. ఉత్తరానికి వెళ్ళే ఓడకి సరుకులు ఎక్కిస్తున్నారు. తాళ్ళ చుట్టల మీద కూర్చుని ఉంది, టోపీ లేకుండా. నీళ్ళ అంచుకి ఒక్క అడుగు దూరంలో.

"నువ్వే పొమ్మన్నావుగా," అంది.

"అన్నాను. కోపంలో అన్నాను. ఇప్పుడు ఇంటికి రమ్మంటున్నాను."

"రాకపోతే?"

"నేనూ ఇక్కడే ఉంటాను."

"తడుస్తావు."

"నువ్వూ తడుస్తున్నావు."

పక్కనే కూర్చున్నాను. ఎత్తుకుపోవచ్చు, ఎనిమిదేళ్ళ పిల్లేగా. చేయి వేయలేదు. ఓడ కూత వేసింది, మెట్లు పైకి లాగేశారు, కదిలింది. దీపాలు మలుపు తిరిగేదాకా చూసి, "పోయింది," అంది. తర్వాత తనే లేచింది. ఇంటికెళ్ళాక ఇద్దరం కలిసి పిండి గోకాం. అది ఎండి రాయిలా అయింది. ఆదివారం కేకు లేదు.

ఇదీ జరిగింది. సంఘానికి చెప్పాలనుకుంటే చెప్పండి, కాదనను. మీరొస్తే గది సిద్ధంగా ఉంటుంది. కానీ తన బట్టలు మాత్రం నేను సర్దను. తీసుకుపోతానంటే అడ్డం పడుకునే హక్కు నాకు లేదేమో. నా చేత్తో మాత్రం పంపను. ఆ మాట ఒకసారి అన్నాను, చాలు.

బోర్గిల్డ్


ఓలెసుండ్
1961 నవంబర్ 30

యెన్సీనె అమ్మగారికి,

మీరు వెళ్ళి వారం దాటింది. క్షేమంగా చేరారో లేదో కూడా తెలియదు. రేడియోలో ఆ రోజు తుపాను హెచ్చరిక చెప్పారు.

వారం ఉంటానని వచ్చి, మధ్యలోనే, మేం లేవకముందే వెళ్ళిపోయారు. పక్క నీటుగా మడత పెట్టి ఉంది. ఒక్క మాట చెప్పలేదు. తూరిద్ లేచి మీ గదిలోకి వెళ్ళి చూసి, వచ్చి, "అమ్మమ్మకి కోపం వచ్చిందా?" అంది. ఏం చెప్పను?

ముందు రోజు జరిగింది నా మనసులో గిరగిరా తిరుగుతూనే ఉంది. బలానికని పట్టే చేపనూనె చెంచా దగ్గర మొదలైంది. నేను రోజూ చెంచా నింపి బల్ల మీద పెట్టి నా పని చూసుకుంటాను. ఒక్కో రోజు తాగుతుంది, ఒక్కో రోజు చల్లారిన తిండితో పాటు అలాగే ఉంటుంది. మీకది నచ్చలేదు. "పిల్లల్ని పెంచడం ఇలాగేనా? ఇలా తే," అని గడ్డం పట్టుకుని పోయబోయారు. తను ఉమ్మింది. మీ చర్చి గౌను మీద, వెండి గుండీల మీద. మీరు చెయ్యెత్తారు.

నేను మధ్యలోకొచ్చి మీ మణికట్టు పట్టుకున్నాను. "ఈ ఇంట్లో పిల్లని కొట్టరు," అన్నాను. పెద్దవారు మీరు. అలా పట్టుకోకూడదు. నొప్పి పుట్టేలా పట్టుకున్నానని కూడా తెలుసు. దానికి క్షమించండి. కానీ మళ్ళీ అలా జరిగితే మళ్ళీ పట్టుకుంటాను. ఇది కూడా రాయకపోతే నేను మళ్ళీ అబద్ధం రాసినట్టే.

మీరు నా మొహం కేసి కూడా చూడలేదు. నా భుజం మీదుగా ఎటో చూశారు. చాలాసేపు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

అప్పట్నుంచి ఓడ కూత వినపడితే కిటికీ దగ్గరికి పోతున్నాను. మొన్న ఎవరో తలుపు తట్టారు. టోపీ పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు. సంఘం వాళ్ళే అనుకుని తూరిద్‌ని మంచం మీద కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టి తలుపు తీయలేదు. తీరా చూస్తే చర్చి చందాల వాళ్ళట. మార్టా చెప్పింది, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మీరేం చేయబోతున్నారో ఒక్క ముక్క రాయండి. మంచైనా చెడైనా. తెలియకుండా ఉండటం నా వల్ల కావడం లేదు.

బోర్గిల్డ్


వేగా
1961 డిసెంబర్ 9

బోర్గిల్డూ,

ఇక మీరు అని రాయను. నా చెయ్యి విరిచేంత పట్టు పట్టినదాన్ని గారూ గీరూ అని పిలవడం నాకు చేతకాదు. రెండు రోజులు మణికట్టు ఎర్రగా ఉంది. పిండి పిసికే చేతులు కదా.

క్షేమంగానే చేరాను. తుపానుకు ఓడ ఒక రాత్రి రేవులోనే ఆగింది. పక్కనున్న ఖాళీ పడక మీద నా సంచీ పెట్టుకుని పడుకున్నాను. అది తూరిద్ కోసం చెప్పి ఉంచిన పడక.

సంఘానికి నేను రాయలేదు. రాయను. మార్టాకి మాత్రం రాశాను. ఇకమీద గాలీ వానా చేపల సంగతులు తప్ప నాకేమీ రాయొద్దన్నాను. అలిగింది. అలగనీ.

చెప్పకుండా వచ్చింది కోపంతో కాదు. ముసలిదానికి నీ ముందు ఏడవడం ఇష్టం లేకపోయింది, అంతే. నీ మొహం చూడలేదని రాశావు. నిజమే, చూడలేదు. అది కూడా నీకు చెప్పాలి, ఎందుకంటే నీ వీపుకి కళ్ళు లేవు.

నేను చెయ్యెత్తగానే పిల్ల ఎటు పోయిందో నీకు తెలుసా? తలుపు వైపు పోలేదు. మెట్ల మీదికి పోలేదు. నీ వెనక్కి పోయింది. రెండు చేతులతో నీ ఏప్రను నాడాలు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ముడి ఊడింది కూడా. నువ్వు నా చెయ్యి పట్టుకోవడంలో ఉన్నావు, నీకు తెలియలేదు. నువ్వు ఎటు జరిగితే అది అటు జరిగింది. నీ పక్కనుంచి ఒక్క కన్ను బయట పెట్టి నన్ను చూసింది.

నిన్ను నమ్మడానికి నాకు నీ ఉత్తరాలు సరిపోలేదు, నా కూతురి మీద ఒట్టు. నువ్వు ఎంత చక్కగా రాసినా నమ్మి ఉండేదాన్ని కాను. ఓలౌగ్ చోటులో ఇంకొకరు నిలబడ్డారంటే నా కడుపు ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకుందని చెప్పను. నువ్వు నిజమే రాస్తావు కాబట్టి నేనూ నిజమే రాస్తున్నాను.

అమ్మమ్మకి కోపం వచ్చిందా అని అడిగితే, లేదని చెప్పు. గౌను ఉతికానని చెప్పు. మరక పోలేదు, పోకపోతే పోనీ. మేలో బాతులొస్తాయి. అప్పటికి ఓడ్వార్ కూడా వస్తాడు. ముగ్గురూ రండి, ముగ్గురూ తిరిగి వెళ్ళండి. నేను ఎవర్నీ ఆపను.

ఓలౌగ్ చిన్నప్పుడు ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నా వెనక చేరి అచ్చం అలాగే పట్టుకునేది. ఎంత విడిపించినా వదిలేది కాదు. ఆ రోజు నీ వంటింట్లో కొత్తదాన్ని నేనే, బోర్గిల్డూ.

యెన్సీనె